బుద్ధుడు అనని మాట

మాస్టారు మధ్యాహ్నం కూడా అన్నానికి లేవలేదు.

కంచం పెట్టి, మంచినీళ్ళు పెట్టి, పిలిచి పిలిచి, చివరికి గది గుమ్మం దాకా వెళ్ళి చూసి వచ్చిన అత్తగారు ఆ కంచం మీద ఇంకో కంచం మూతపెట్టి కుర్చీలో కూలబడింది. ఈ వయసులో అలకలేమిటో తనకు అర్థం కావడం లేదంది. పెళ్ళయిన కొత్తలో ఆయన అలిగితే బతిమాలడానికి ఓపిక ఉండేదనీ, ఆ ఓపికంతా ఇప్పుడు మోకాళ్ళలోకి దిగి నొప్పిగా మారిందనీ అంది. ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి అక్కడ ఉన్నది కోడలొక్కతే.

కోడలు వంటింటి గట్టు తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తోంది. ఆదివారం నుంచీ ఈ ఇంట్లో ఆమెకు కాలూ చెయ్యీ ఆడటం లేదు. కాలేజీలో గంటల తరబడి నిలబడి పాఠాలు చెప్పి రాగలదు గానీ, ఇంటికొచ్చి ఆ గది ముందు నుంచి నడవాలంటే తలప్రాణం తోకకొస్తోంది.

"నువ్వైనా వెళ్ళి పిలవకూడదూ?" అంది అత్తగారు.

"నేను పిలిస్తే అసలే తినరు అత్తయ్యా."

అదీ నిజమే.

పడమటి దేశాల పండితులు బౌద్ధాన్ని ఎలా చదివారు, చదివి దానికీ హిందూమతానికీ ఏం చుట్టరికం కలిపారు అన్నది మాస్టారు జీవితమంతా పట్టుకుని వేలాడిన విషయం. దాని మీద ఆయన రాసింది ఒక్కటే పుస్తకం. ఒక్కటే అయినా రెండు తరాల పిల్లలు అది చదివే పరీక్షలు రాశారు. ఇప్పుడు మూడో ముద్రణ వేస్తామని ప్రెస్సు వాళ్ళు ముందుకొచ్చేసరికి మాస్టారికి చూపు మందగించింది. కోడలు అదే పాఠాలు చెప్పే లెక్చరరు కాబట్టి ఆ బరువు ఆమె నెత్తిన పడింది.

వాళ్ళ పద్ధతి ఒకటుంది. ఆమె పైకి చదువుతుంది. ఆయన కళ్ళు మూసుకుని వింటారు. వేలు లేపితే ఆగాలి. చెయ్యి ఊపితే ఆ ముక్క కొట్టెయ్యాలి. వేసవి నుంచీ ప్రతి ఆదివారం అలాగే సాగింది. మొన్న ఆదివారం ఏడో అధ్యాయంలో ఆయన వేలు లేపకుండానే ఆమె ఆగింది.

ఆగిన చోట ఉన్న వాక్యం ఇది. "గుడి నిన్ను గుమ్మంలో నిలబెడితే గుమ్మం దిగి రా. దారి బయట ఉంది." దాని కింద, బుద్ధవచనం అని ఉంది.

ఇది బుద్ధుడి మాట కాదు మామయ్యగారూ, అంది ఆమె. అంతే. ఆయన లేచి గదిలోకి వెళ్ళిపోయారు. ఆ వెళ్ళడం వెళ్ళడం, స్నానానికీ మందులకీ తప్ప బయటికి రాలేదు. రాత్రిళ్ళు కాసిని పాలు తాగుతున్నారట. పగలు అదీ లేదు.

మధ్యాహ్నం దాటాక ఆమె భర్త పైకి వచ్చాడు. అతను పళ్ళ డాక్టరు. ఆ భవనంలోనే కింద క్లినిక్కు. పొద్దున్నుంచీ జనం నోళ్ళలోకి చూసి చూసి ఇంటికొచ్చేసరికి అతనికి ఎవరి నోరూ చూడాలనిపించదు. అయినా మూత పెట్టిన కంచం చూడగానే విషయం అర్థమైంది.

అతను అన్నం తింటున్నంతసేపూ మెల్లగానే మాట్లాడాడు. అరవడం అతనికి చేతకాదు, దానికి బదులు గొంతు తగ్గిస్తాడు. గొంతు ఎంత తగ్గితే కోపం అంత ఉన్నట్టు. ఇన్నేళ్ళలో ఒక్క పండితుడూ పట్టుకోని తప్పు ఇప్పుడు పట్టుకుని ఎవరిని ఉద్ధరించాలని అడిగాడు. ఆ వాక్యం కింద చిన్న అక్షరాల్లో ఒక వివరణ వేసేసి చేతులు దులుపుకోవచ్చు కదా అన్నాడు. కదిలిన పన్నునైనా వీలైనంతవరకూ నిలబెట్టాలనే చూస్తారు గానీ, వచ్చీరాగానే పీకెయ్యరని తన వృత్తిలో సంగతి చెప్పాడు.

ఆమె పెరుగు గిన్నె అతని ముందుకు జరిపింది. అప్పుడు అతను అసలు మాట బయటపెట్టాడు.

"మా నాన్న సంగతి సరే, నాలుగు రోజులు అలిగి లేస్తాడు. మీ నాన్న సంగతేంటి? ఆయనకి ఎవరు చెప్తారు?"

అత్తగారు కూడా తలెత్తి చూసింది. కోడలు కంచం తీసుకుని సింకు దగ్గరికి నడిచింది.

ఆ ఇంట్లో అందరినీ కుదేలు చేస్తున్నది ఆ ప్రశ్నే. ఆమె తండ్రి ప్రెస్సులో కంపోజిటరు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చే రోజుల్లో మాస్టారి పుస్తకం మొదటి ముద్రణ ఆయన చేతి మీదుగానే అచ్చయింది. అచ్చులో అక్షరాలు తిరగబడి ఉంటాయి కాబట్టి ఆ వాక్యాన్ని కూడా ఆయన మొట్టమొదట తిరగేసే చదివాడు. చదివి పని ఆపేశాడు. ఆ రోజు సాయంత్రం ప్రెస్సు నుంచి నేరుగా ఈ ఇంటికొచ్చి, ఇది నిజంగా బుద్ధుడు అన్నదేనా అని మాస్టారిని అడిగాడు. అన్నదే అని మాస్టారు చెప్పారు. పుట్టినప్పటి నుంచీ గుమ్మంలో నిలబడుతూ వచ్చిన మనిషికి ఆ ఒక్క మాట చాలింది. ఏడాది తిరక్కుండా బౌద్ధం పుచ్చుకున్నాడు. అన్నదమ్ములు రాకపోకలు మానేశారు. పనివాళ్ళు వెక్కిరించారు. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు.

ఇద్దరికీ స్నేహం కుదిరింది అలాగే. వియ్యం కలిసింది కూడా అలాగే.

"వదినగారు ఒకసారి ఈ వంటింట్లోనే అంది నాతో," అని అత్తగారు కోడలి తల్లి సంగతి మొదలుపెట్టింది, ఎవరూ అడక్కుండానే. పోయిన మనిషి గురించి మాట్లాడేటప్పుడు ఆవిడ గొంతు మారిపోతుంది. ఏ దేవుడైతే నాకేం వదినా, కానీ నా పురిటికి మా అమ్మ రాలేదు అందట. మతం మార్చుకున్నవాడి గడప తొక్కనని ఒట్టు పెట్టుకుని ఆ తల్లి నిజంగానే పోయేదాకా తొక్కలేదట. "పుట్టిల్లు పోగొట్టుకుంది పాపం. నోరెత్తి ఒక్క మాట అనలేదు ఆయన్ని."

సింకులో నీళ్ళు పోతున్నాయి. కోడలు కుళాయి కట్టేసింది.

ఆ పురిట్లో పుట్టిన పిల్ల తనే. అత్తగారికి ఆ సంగతి గుర్తుందో లేదో గానీ ఆమెకు గుర్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది, అది ఇంట్లో ఎవరికీ తెలియదు. వాక్యం బుద్ధుడిది కాదని ఆమెకు తెలిసింది ఆదివారం కాదు. వేసవి సెలవుల్లో పుస్తకం ముందుగా చదువుకున్నప్పుడే తెలుసు. తెలిసీ, ఏడో అధ్యాయం వచ్చినప్పుడు చూద్దాంలే అని వారం వారం దాటేసుకుంటూ వచ్చింది. మనిషి అలిసిపోయి ఉన్నప్పుడు వాయిదా వేయడమంత సుఖం ఇంకోటి ఉండదు.

అప్పుడు గదిలోంచి మాస్టారు పిలిచారు. కోడల్నే పిలిచారు.

అత్తగారు కంచం అందుకోబోయింది. వద్దని సైగ చేసి ఆమె ఒక్కతే వెళ్ళింది.

మాస్టారు మంచం మీద గోడకి చేరగిలబడి ఉన్నారు. గడ్డం మాసింది. ఆ గదిలో పుస్తకాలు మనిషి కంటే ఎక్కువ చోటు తీసుకుంటాయి. కుర్చీ మీద ఉన్న దొంతర కింద పెట్టి కూర్చోమన్నారు. కోపంగా కనబడలేదు. ఆ కనబడకపోవడమే ఆమెకు ఎక్కువ భయం వేసింది.

ఎలా పట్టుకున్నావని అడిగారు. చెప్పింది. గుడి అన్న మాట దగ్గర అడ్డం పడింది. బుద్ధుడి కాలంలో గుమ్మంలో నిలబెట్టడానికి గుడులెక్కడివి? అనుమానం వచ్చి మూలగ్రంథం వెతికింది. దొరికిన ప్రతులన్నీ వెతికింది. ఎక్కడా లేదు. చివరికి మాస్టారు చదువుకునే రోజుల్లో వాడిన ఒక తెల్లదొర తర్జుమా కాలేజీ కంప్యూటర్లో దొరికింది. దొర ఒక పద్యాన్ని తర్జుమా చేసి, దాని వెంటే తన వ్యాఖ్యానం రాసుకున్నాడు. రెండూ తేడా తెలియకుండా ఒకే రకం అక్షరాల్లో అచ్చయ్యాయి. పేజీ తిప్పేసరికి పద్యం అయిపోయింది. ఆ వాక్యం వ్యాఖ్యానంలోది.

మాస్టారు కళ్ళు మూసుకుని విన్నారు. వేలు లేపలేదు.

"లైబ్రరీ మూసే వేళ," అన్నారు. "ఆ పుస్తకం బయటికి ఇచ్చేవాళ్ళు కాదు. అక్కడే కూర్చుని పెన్సిలుతో ఎత్తి రాసుకోవాలి. పేజీ తిప్పి రాసుకుంటూ పోయాను. ఆ పూట రాసుకున్నదే జీవితమంతా నమ్ముకున్నాను."

కళ్ళు తెరిచి ఆమె వైపు చూశారు.

"గుడి అన్న మాట నాకెందుకు అడ్డం పడలేదంటావు?"

"వాక్యం బాగుంది కదా మామయ్యగారూ. బాగున్నదాన్ని ఎవరూ తడిమి చూసుకోరు."

ఆయన నవ్వబోయి దగ్గారు. "దొర గుడి అన్నది వాళ్ళ ఊరి చర్చిని తలుచుకుని. వాళ్ళ తాతలు పాత చర్చి మతగురువుల మీద తిరగబడి అందులోంచి బయటికొచ్చి వేరే చర్చి పెట్టుకున్నారు. ఇక్కడా అదే జరిగుంటుంది అనుకున్నాడు. బౌద్ధమంటే హిందూమతం మీద తిరుగుబాటు అని తేల్చేశాడు. అప్పటికి హిందూమతమన్న పేరే లేదు. లేని పేరు మీద తిరుగుబాటేమిటి?"

"అది మీరే రాశారు. మూడో అధ్యాయంలో."

"రాశాను. మూడో అధ్యాయంలో దొరని నిలబెట్టి కడిగేశాను. వాడి ఇంటి గొడవ తెచ్చి మనింట్లో పెట్టాడన్నాను. ఏడో అధ్యాయానికొచ్చి వాడి మాటే తీసి బుద్ధుడి నోట్లో పెట్టాను."

పండితులు ఒకరి తప్పులు ఒకరు ఏరుకునేటప్పుడు ఎంత హుషారుగా ఉంటారో ఆమెకు తెలుసు. తనూ ఆ బాపతే. కానీ ఆ ముసలాయన ముఖం చూస్తే, తప్పు పట్టుకున్నందుకు రావలసిన సంతోషం ఇసుమంత కూడా రాలేదు. ఆయన మీద జాలేసింది. తన మీద తనకే విసుగేసింది.

వాక్యం తీసేద్దామన్నారు మాస్టారు. చిన్న అక్షరాల వివరణలు వద్దనీ, ముందుమాటలోనే తన తప్పు తను చెప్పుకుంటాననీ అన్నారు. అవన్నీ ఆయన ఎప్పుడో తేల్చుకున్నారు. తేలనిది ఒక్కటే.

"పుస్తకం ప్రెస్సుకి వెళ్ళే ముందు మీ నాన్నకి తెలియాలి. నువ్వు చెప్పకు. ఆ రోజు అవునని చెప్పింది నేను. కాదని కూడా నేనే చెప్తాను. సాయంత్రం రమ్మని కబురు పెట్టు."

ఇన్నాళ్ళూ గొంతులో పడ్డ వెలక్కాయ ఆయన తీసేస్తానంటుంటే ఆమెకు నిజంగా ఊపిరి తేలికైంది. ఆ తేలికతనానికి వెంటనే సిగ్గేసింది కూడా. కంచం తెచ్చి పెడితే ఆయన నాలుగు ముద్దలు తిన్నారు. అత్తగారు గుమ్మం పక్క నుంచి చూసి, ఈ నాలుగు ముద్దలకీ ఇన్నాళ్ళు పస్తు కావలసొచ్చిందా అని గొణుక్కుంటూ వెళ్ళింది.

సాయంత్రం కంపోజిటరు వచ్చాడు. సన్నటి మనిషి, ఉతికిన చొక్కా, చంకలో గొడుగు. పని మానేసి చాలాకాలమైనా, ఏ అచ్చుకాగితం చేతికిచ్చినా ముందు తలకిందులుగా పట్టుకుని చూసే అలవాటు ఇంకా పోలేదు. కొత్త ముద్రణ ప్రూఫులు చూపించడానికి పిలిచారనుకున్నాడు. ఆ ఉత్సాహంతో మెట్లు గబగబా ఎక్కినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు.

మాస్టారు గడ్డం గీసుకుని ముందుగదిలోకి వచ్చి కూర్చున్నారు. పళ్ళ డాక్టరు క్లినిక్కు మూసి పైకి వచ్చేశాడు. కోడలు తలుపు దగ్గర నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు.

కుశలప్రశ్నలు అయ్యాయి. అప్పుడే మొదలైన వర్షం గురించి కొంత అయింది. మాస్టారు ఇంక నీళ్ళు నమలదలుచుకోలేదు.

"బావగారూ, ఆ వాక్యం బుద్ధుడిది కాదు."

కంపోజిటరు తల ఊపాడు. వినబడింది గానీ లోపలికి దిగలేదు. మాస్టారు మొదటి నుంచీ చెప్పుకొచ్చారు. లైబ్రరీ, పెన్సిలు, పేజీ తిప్పడం, దొరగారి వ్యాఖ్యానం. తన తప్పేనని రెండుసార్లు అన్నారు. కోడలు తండ్రి ముఖం చూడలేక ఆయన చేతుల వైపు చూస్తూ నిలబడింది. ఆ చేతులు గొడుగు పట్టుకుని కదలకుండా ఉన్నాయి.

"మరి ఎవరిదండీ అది?" అన్నాడు చివరికి.

"చెప్పాను కదా, ఒక దొరది. పాతకాలం పండితుడు."

"ఆయన బౌద్ధుడా?"

"కాదు. వారం వారం చర్చికి వెళ్ళేవాడు."

"చర్చికి," అన్నాడు కంపోజిటరు. తర్వాత మెల్లగా, ఎవరూ అనుకోని విధంగా నవ్వాడు. "బాగానే రాశాడండీ. గుమ్మం దిగమని మనకి చెప్పి తను దిగలేదన్నమాట."

పళ్ళ డాక్టరు గట్టిగా నవ్వేశాడు. మాస్టారి కళ్ళు చెమ్మగిల్లాయి. క్షమించమని ఆయన చెయ్యి చాపితే కంపోజిటరు రెండు చేతులతో పట్టుకుని, అంత మాట వద్దన్నాడు. ఆ వాక్యం ఎవరిదైనా తను దిగింది మాత్రం నిజమేననీ, దిగాక తనకి మంచే జరిగిందనీ, బుద్ధుడు అనకపోతే ఇప్పుడు మళ్ళీ వెనక్కి వెళ్ళి గుమ్మంలో నిలబడలేనుగా అనీ అన్నాడు. అన్నదమ్ములకి తెలిస్తే మటుకు ఏడిపించి చంపుతారన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "మా ఆవిడ లేదు, నయం," అన్నాడు.



అత్తగారు కాఫీలు తెచ్చింది. గదిలో గాలి కాస్త ఆడినట్టయింది. గండం గడిచిందన్నట్టు పళ్ళ డాక్టరు భార్య వైపు చూశాడు. ఆమె కూడా గడిచిందనే అనుకుంది. ఇప్పుడైనా కూర్చుందామని కుర్చీ లాక్కుంది.

ఇంతకీ ఎవరు కనిపెట్టారండీ అని కంపోజిటరు కాఫీ తాగుతూ అడిగాడు. మాస్టారు గర్వంగా కోడలి వైపు చెయ్యి చూపించారు. ఇన్నేళ్ళలో తన శిష్యులు ఒక్కరూ చెయ్యలేని పని మీ అమ్మాయి చేసిందన్నారు. మొన్న ఆదివారం చదువుతూ చదువుతూ టక్కున ఆగిపోయిందనీ, అక్కడికక్కడే పట్టేసిందనీ చెప్పారు.

తండ్రి ఆమె వైపు చూశాడు. ఆయన ముఖంలో వెలుగొచ్చింది. కూతురు ఫస్టున పాసైనప్పుడల్లా ఆయన ముఖం అలాగే ఉండేది.

"మొన్న ఆదివారమేనా తల్లీ?"

అవునంటే సరిపోతుంది. మాస్టారు దారి వేసి పెట్టారు, ఆయనకే తెలియకుండా. ఈ ఇంట్లో ఎవరూ ఎప్పటికీ అడగరు. అందరూ కాఫీ తాగి, వర్షం తగ్గాక ఆయన్ని మెట్ల దాకా సాగనంపి, తలుపేసుకుని హాయిగా పడుకోవచ్చు. ఆమెకు ఎంత నిద్ర కావాలో ఆమెకే తెలుసు. కానీ ఆ ముఖంలోకి చూస్తూ ఇంకో అబద్ధం మొయ్యడానికి ఓపిక చాల్లేదు.

"కాదు నాన్నా. వేసవి సెలవుల్లోనే తెలిసింది. చెప్పడానికి ధైర్యం చాలక ఊరుకున్నాను."

మాస్టారు తలెత్తారు. భర్త కప్పు కింద పెట్టేశాడు. తండ్రి మాత్రం లెక్క చూసుకుంటున్నవాడిలా కిటికీ వైపు చూశాడు. ఆయన ఏ రోజు దగ్గరికి వెళ్తున్నాడో ఆమెకు తెలిసిపోయింది.

వేసవి అయ్యాక, పోయిన నెలలో, అమ్మ పోయిన రోజు వచ్చింది. ఏటా ఆ రోజున తండ్రీకూతుళ్ళు ఫొటో ముందు కూర్చుని ఆ వాక్యాన్ని కలిసి చదువుతారు. అది వాళ్ళిద్దరి అలవాటు. ఈసారి చదువుతుంటే మధ్యలో ఆయన ఏడుపొచ్చి ఆగిపోయాడు. ఆయన అందుకునేదాకా ఆమె ఒక్కతే గొంతు పెంచి చదివింది.

కంపోజిటరు కాఫీ సగంలో ఆపి లేచాడు. గొడుగు తీసుకున్నాడు. వర్షం తగ్గనివ్వమని అత్తగారు అంటున్నా వినిపించుకోకుండా తలుపు దాకా వెళ్ళి, కూతురి దగ్గర ఆగాడు. ఆయన గొంతులో కోపం లేదు.

"నేనంటే తెలియక చదివాను. మీ అమ్మ ముందు కూర్చుని నువ్వేమనుకుని చదివావు తల్లీ?"